ప్రార్థన గుంపులో ఒక ఎత్తు

“ఫోటో తీసింది నువ్వే. వాట్సాప్ ప్రార్థన గుంపులో పెట్టింది నువ్వే. ఇంగ దాచేదేముండాది? ఒక్కసారి నోరు తెరిచి చెప్పు,” అన్నాడు దావీదురాజు మూడోసారి.

ప్రేమమ్మ వంటింటి గడప మీద కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. పొద్దున ఏరిన పప్పే అది. రాయి లేదు, పుల్ల లేదు. అయినా ఏరుతోంది.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. కమలాపురంలో వీళ్లింటికి నాలుగిళ్ల అవతలే చర్చి. ఆరాధన ముగించుకుని ఇళ్లకు పోతున్న జనం మాటలు వీధిలోంచి వినపడుతున్నాయి. సంఘ పెద్ద అయిన ఈ ఇరవై రెండేళ్లలో దావీదురాజు ఆదివారం పూట ఇంట్లో కూర్చోవడం ఇదే మొదలు. పోతే అందరూ వందనాలు చెబుతారు. చెప్పి, మొహంలోకి ఒక చూపు చూస్తారు. ఆ చూపు కోసం ఎవరు పోతారు!

“నాకేం తెల్సు?” అంది చివరికి ప్రేమమ్మ. “హాలు బయట టీవీలో పాప చెస్ ఆట చూపిస్తాండ్రి. పక్కన కూచున్నాయప్ప ‘మీ పిల్లకు ఒక బంటు తక్కువుండాదమ్మా’ అనె. నా గుండె జారిపాయె. ప్రార్థన చేయండని అడిగినా. అది తప్పా?”

“ప్రార్థన అడిగితే తప్పెందుకైతాది? బోర్డు ఫోటో ఎందుకు పెట్టినావు అంటాండా.”

“ఏం కష్టమో చూపియ్యకుండా ఎట్ల అడిగేది? ఆస్పత్రిలో ఉండేవాళ్లకైతే ఎక్స్‌రే పెడ్తారే, అట్ల పెట్టినా.”

నిజమే మరి. ఆ గుంపులో ఎక్స్‌రేలు, రక్త పరీక్షల కాగితాలు, పరీక్షల హాల్ టికెట్లు రోజూ వస్తూనే ఉంటాయి. పోయిన నెల దావీదురాజే ఎండిపోయిన తన బోరు ఫోటో పెట్టాడు. అందరూ ఆమెన్ అన్నారు. నీళ్లు పడలేదు గానీ, దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు.

ఫోటోతో ఆగి ఉంటే ఈ గొడవే లేదు. ఎనిమిది నిమిషాల తర్వాత డోన్ నుంచి ప్రేమమ్మ తమ్ముడు యేసుప్రసాద్ జవాబు పెట్టాడు. ‘గుర్రం డి5. దేవుడు పాపకు తోడుగా ఉండును గాక.’ దాని కింద ఇరవై ఏడు ఆమెన్లు. ఇరవై ఏడు మంది! ‘ఏమప్పా, ఆటలో కూచున్న పిల్లకు ఎత్తు చెప్పచ్చునా?’ అని వాళ్లలో ఒక్కరికైనా తట్టి ఉంటే, ఈపాటికి ఈ ఇంట్లో పొయ్యి వెలిగి ఉండేది.

జెస్సీ లోపలి గదిలో మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పదహారేళ్ల పిల్ల. కర్నూలు టోర్నమెంటు నుంచి వచ్చాక ఈ వారంలో ఇంట్లో పది మాటలు మాట్లాడి ఉంటే ఎక్కువ. అన్నం పెడితే తింటుంది. పెట్టకపోతే అడగదు.

గేటు చప్పుడైంది. యేసుప్రసాద్ చెప్పులు విడిచి, తల వంచుకుని లోపలికి వచ్చాడు. డోన్ రైల్వే స్టేషన్‌లో పాయింట్స్‌మన్. పొద్దున రైలెక్కి ఎర్రగుంట్లలో దిగి, అక్కణ్నుంచి ఆటోలో వచ్చాడు. జెస్సీకి చెస్ నేర్పింది ఆయనే. ఎనిమిదేళ్ల పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని బంట్లు ఎట్లా నడుస్తాయో చూపించింది ఆయనే.

“రాప్పా, రా. మా ఇంటికి ప్రవక్త వచ్చినాడు,” అన్నాడు దావీదురాజు.

“బావా, చెప్పు తీసుకుని కొట్టు. పడ్తా. ముందు ఆ కమిటీ కాగితం ఇయ్యి.”

“ఏం పుట్టిందప్పా నీకు? ఆడ పాప ఆడతాంటే ఈడ నువ్వు ఎత్తు చెప్తావా?”

“ఊరికే ఉండలేకపోయినా బావా. ఫోటో చూస్తానే ఫోన్‌లోని చెస్ ఇంజిన్‌లో పెట్టినా. ఆ ఎత్తు కనపడేసరికి ఒళ్లు పొంగిపాయె. రాసేసినా. గుంపులో ఉండేటోళ్లలో చెస్ ఎవరికొచ్చు, ఇది పాప దాకా ఎట్ల పోతాది అనుకున్న్యా.”

“పాప దాకా పోలే. ఎదుటి పిల్ల కోచ్ దాకా పోయింది.”

యేసుప్రసాద్ కాగితం అందుకుని పైకే చదివాడు. చెస్ కమిటీ నుంచి వచ్చిన నోటీసు అది. అందులో మూడు సంగతులు రాశారు. పదకొండు నలభై రెండుకు గుంపులో ఎత్తు పడింది. పదకొండు యాభైకి జెస్సీ బాత్రూం వైపు వచ్చినప్పుడు తల్లి నీళ్ల బాటిల్ ఇవ్వడం దూరం నుంచి ఒక వలంటీరు చూశాడు. పదకొండు యాభై ఎనిమిదికి జెస్సీ అదే ఎత్తు ఆడింది. కర్నూలు పిల్ల భువన ఓడిపోయింది. భువన కోచ్ శివశంకర్ చేతికి ఆ గుంపు స్క్రీన్‌షాట్ చేరింది. ఎవరు పంపారో ఆ దేవుడికే తెలియాలి. ఈ రోజు సాయంత్రం ఐదు లోపల ఆటగత్తె జవాబు, ఇంటి దగ్గర చేసిన ప్రిపరేషన్ ఫైలు, తల్లి సంతకంతో ఒక వాంగ్మూలం పంపాలి. పంపకపోయినా, పంపింది నమ్మేలా లేకపోయినా, రెండేళ్లు నిషేధం.

రెండేళ్లంటే జెస్సీకి పద్దెనిమిది నిండుతాయి. పదిహేడేళ్ల లోపు రాష్ట్ర జట్టు అన్న మాటే ఆమెకు ఇక ఉండదు. మొన్న ఆ ఆట గెలిచి సంపాదించిన చోటు అది. దాంతోపాటు, పోయిన చోటల్లా ‘ఫోన్ చూసి ఆడిన పిల్ల’ అన్న పేరు వెంట వస్తుంది.

“లాప్‌టాప్ తే పాపా,” అన్నాడు యేసుప్రసాద్.

జెస్సీ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. మామ వాడి వాడి ఇచ్చిందే ఆ లాప్‌టాప్. రెండు మీటలు ఊడిపోయాయి. తెరుచుకోవడానికే ఐదు నిమిషాలు తీసుకుంటుంది. నలుగురూ దాని చుట్టూ చేరి, ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తూ కూర్చున్నారు.

“మోరా గ్యాంబిట్ ఫైలు యాడుండాది?”

జెస్సీ వేలితో చూపించింది.

“అదేందో నాకూ అర్థమయ్యేటట్టు చెప్పుప్పా,” అన్నాడు దావీదురాజు. ఎనిమిదేళ్లుగా కూతుర్ని టోర్నమెంట్లకు తిప్పాడే గానీ, ఏనాడూ ఈ మాట అడగలేదు.

“ఏంల్యా బావా. తెల్ల పావులతో ఆడేటప్పుడు మూడో ఎత్తుకే ఒక బంటును ఉత్తినే ఇచ్చేస్తాం.”

“ఉత్తినే ఎవరన్నా ఇస్తారా?”

“దాన్ని తినేదానికి ఎదుటోళ్లకు టైం పడ్తాది గదా. ఆ సందులో మన గుర్రాలు, ఏనుగులు బయటికొస్తాయి. ఇంజిన్‌కు ఇది నచ్చదు. బంటు తక్కువుండాదని మైనస్ చూపిస్తానే ఉంటాది. దానికేం, భయమా ఏమన్నానా? ఎదురుగా కూచున్న మనిషికి మాత్రం చెమట్లు పడ్తాయి. అందుకే ఇంట్లో ఒక్కో ఎత్తూ ఇంజిన్‌లో పెట్టి, ఏది నిలబడ్తాది, ఏది పడిపోతాది అని చూసుకుంటాం. ఇంట్లో చూసుకునేది తప్పు కాదు. అందరూ చేసేదే. హాల్లో కూచున్న్యాక చూస్తేనే తప్పు.”

చెబుతూనే ఎత్తులు ఒక్కొక్కటీ ముందుకు జరుపుతున్నాడు. తెర మీద పావులు కదులుతున్నాయి. పద్నాలుగో ఎత్తు దగ్గర ఆయన చేయి ఆగింది.

“అక్కా! ఉండాది. ఇదే బోర్డు. నువ్వు ఫోటో తీసిందే. ఈడ గుర్రం డి-ఐదు ఉండాది. చూడు బావా, తేదీ ఫిబ్రవరి, ఈ ఆటకు ముందే. ఆన్‌లైన్‌లో సేవ్ అయ్యింది, ఈ తేదీ మార్చల్లంటే మన తరం కాదు.”

ప్రేమమ్మ చేట కింద పెట్టేసి వచ్చింది. ఏమీ అర్థం కాకపోయినా తెరను తేరిపార చూసింది. “స్తోత్రం,” అని గొణిగింది.

“ఇది ఎట్ల దొరికింది పాపా నీకు?” అడిగాడు దావీదురాజు.

జెస్సీ గొంతు సవరించుకుంది. “గుర్రాన్ని తీసుకపోయి ఎదుటోళ్ల బంటుకు అందే చోట పెట్టేది నాయనా. వాళ్లు తినచ్చు. మొదట మైనస్ ఒకటిన్నర చూపించింది. చెత్త ఎత్తు, తీసేద్దామనుకున్న్యా. అంతలో ఆరాధనకు టైమైందని అమ్మ అరిస్తే, ఆపకుండా వదిలేసి వచ్చినా. మనం చర్చి నుంచి వచ్చేసరికి సున్నా అయ్యింది. ఇద్దరికీ సమానం. గుర్రాన్ని ఇచ్చేసినా ఓడిపోం అని తెల్సుకునేదానికి దానికి రెండు గంటలు పట్టింది.”

“నా కొత్త ఫోన్ నాలుగు నిమిషాల్లో తేల్చింది,” అన్నాడు యేసుప్రసాద్. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

దావీదురాజుకు ఆ రోజు గుర్తుంది. ప్రభువు దినాన కూడా ఆ డబ్బా ఫ్యాను గుయ్యిమని మోగుతోందని కూతుర్ని నానా మాటలూ అన్నాడు. ఇప్పుడు ఆ డబ్బానే ఇంటి పరువు నిలబెట్టబోతోంది. ఆయన మొహంలో వారం తర్వాత నెత్తురు కనిపించింది.

“ఈడ కింద ఏందో రాసుకున్న్యావే?” అంటూ యేసుప్రసాద్ తెర దగ్గరికి వంగాడు. ఆ ఎత్తు కింద జెస్సీ తన కోసం రాసుకున్న మాట ఉంది. ‘ఇది కరెక్టే. కానీ నేను ఆడలేను. భయం.’

యేసుప్రసాద్ వేలు మీట మీదికి పోయింది.

“ఇదొక్కటీ చెరిపేస్తాం బావా. ‘ఆడలేను అని రాసుకున్న పిల్ల ఆ పొద్దు ఎట్ల ఆడింది’ అని అడుగుతారు వాళ్లు. ఒక మీట నొక్కితే పోతాది.”

“నొక్కద్దు,” అన్నాడు దావీదురాజు గట్టిగా. “ఉన్నది ఉన్నట్టు పంపు. అబద్ధం మీద నా బిడ్డ జట్టులోకి పోయేదుంటే, ఆ జట్టే నాకొద్దు.”

ప్రేమమ్మ మొగుడి వైపు చూసింది. పొద్దున్నుంచి ఆయన అన్న మాటలన్నీ ఆ ఒక్క మాటతో మర్చిపోయింది. ఇలాంటి మనిషి కాబట్టే ఇన్నేళ్లు ఆ నోటితో సంసారం చేయగలిగింది. లేచి పొయ్యి వెలిగించి బియ్యం కడిగింది. అందరూ తిన్నారు. చాలా రోజులకు జెస్సీ రెండోసారి అన్నం పెట్టించుకుంది.

మూడున్నరకు యేసుప్రసాద్ ఫైలు పంపేశాడు. ఇక మిగిలింది తల్లి వాంగ్మూలం, జెస్సీ జవాబు.

“అక్కా, ఈడ నీ సంతకం కావల్ల. వాళ్లే అచ్చేసి పంపినారు. సదువుకుని పెట్టు.”

ప్రేమమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చుంది. బైబిలు చదివినట్టే ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివింది. “‘ఆట జరుగుతున్నంత సేపు నేను నా బిడ్డతో ఏమీ మాట్లాడలేదు. ఏ సైగా చేయలేదు. పైన చెప్పినదంతా నిజమని...’” అక్కడ ఆగింది. “మాట్లాడినా గదా?”

“నీళ్లు తాగు అనింటావు. దాన్ని ఎవరు లెక్క పెట్టినారు? పెట్టు,” అన్నాడు తమ్ముడు.

“ఆ, నీళ్లు తాగమన్న్యా. మొగమంతా పీక్కపోయింటే భయపడద్దు అన్న్యా. అందరూ ప్రార్థన చేస్తాండారు అన్న్యా. మామ గూడా పెట్టినాడు, గుర్రం అని ఏందో రాసినాడు అన్న్యా. అంతే. అంతే గదా పాపా?”

యేసుప్రసాద్ చేతిలోని పెన్ను టేబుల్ మీద పెట్టేశాడు.

జెస్సీ తల ఎత్తలేదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. తల్లి అడిగిన ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ అనలేదు. వారం రోజులుగా ఈ పిల్ల ఎందుకు మాట్లాడటం లేదో దావీదురాజుకు అప్పుడు తెలిసింది.

“ఏమైందిప్పుడు?” ప్రేమమ్మ ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. “ఏ గుర్రమో, యాడ పెట్టల్లో నాకేం తెల్సు? నేనేమన్నా ఆట చెప్పినానా?”

“అక్కా,” అన్నాడు యేసుప్రసాద్ నీరసంగా, “ఆ బోర్డు ముందర గంట సేపు కూచున్న పిల్లకు గుర్రం అంటే చాలు. ఇంగేం చెప్పే పన్లేదు.”

ప్రేమమ్మకు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. వారం నుంచి ఫోటో ఒక్కటే తన తప్పనుకుని ఏడ్చింది. నీళ్ల బాటిల్ దగ్గర అన్న మాట తప్పని ఆమెకు కలలో కూడా తోచలేదు.

“పాపా, ఇట్ల చూడు. నా మాట విని ఆడినావా?”

“మా...”

“నిజం చెప్పు.”

“రెండు ఎత్తులు చూస్తాంటి మా,” అంది జెస్సీ. “ఒకటి గుర్రం, ఒకటి ఏనుగు. గుర్రం కరెక్టని తెల్సు. ఇంట్లో చూసిందే గదా. కానీ చెయ్యి రాలే. తప్పు పోతే గుర్రమూ పాయె, ఆటా పాయె. అంతలో నీళ్లకొచ్చినా. నువ్వు ఆ మాట అన్న్యావు. పోయి కూచుంటానే ఆడేసినా.”

“నేను అనకపోయింటే?”

“తెలీదు.”

“తెలీదంటే ఎట్ల? ఆడింటావు గదా? నీకు ముందే తెల్సిందే గదా?”

“ఆడింటానేమో. ఏనుగే ఆడింటానేమో. నాకే తెలీదు మా! వారం నుంచి అదే ఆలోచిస్తాండా. ఎత్తు ఏదైనా ఇంజిన్‌లో పెట్టి చూడచ్చు. ఇది యాడ పెట్టి చూసుకోవల్ల? అది నా ఎత్తో కాదో నాకు ఎప్పటికీ తెలీదు.”

లేచి పెరట్లోకి పోయింది. బకెట్లో మగ్గు చప్పుడు, దాని వెనక ఆపుకోలేని ఏడుపు వినపడ్డాయి.

దావీదురాజు గడియారం వైపు చూశాడు. నాలుగూ పది. లేచి వీధి తలుపు మూశాడు. వచ్చి కాగితాన్ని భార్య ముందుకు జరిపాడు.

“నాకేం వినపడలేదు,” అన్నాడు.

“బావా!”

“నాకేం వినపడలేదంటి. నీకేమన్నా వినపడిందా?”

మాట్లాడే హక్కు తనకు లేదని యేసుప్రసాద్‌కు తెలుసు.

“ఏమయ్యా, ఇప్పుడే గదా ఉన్నది ఉన్నట్టు పంపమన్న్యావు?” అంది ప్రేమమ్మ. ఆమె కళ్లలో కోపం లేదు. భయం ఉంది. ఈ మనిషి ఇట్లా మాట్లాడగలడని ఆమెకు ఇంతవరకూ తెలియదు.

“అన్న్యా. అప్పుడు నాకు తెలీదు,” అన్నాడు దావీదురాజు. “ఆ పిల్ల ఏం తప్పు చేసింది మే? నిన్ను అడిగిందా చెప్పమని? తల్లి దగ్గర నీళ్లు తాగిన పాపానికి బతికినన్నాళ్లూ దొంగ అనిపించుకోవల్లా? రేపు దేవునికి లెక్క చెప్పాల్సి వస్తే నేను చెప్పుకుంటా. పెట్టు.”

ప్రేమమ్మ చాలా సేపు ఆ కాగితాన్నే చూసింది. పెరట్లో ఏడుపు ఇంకా ఆగలేదు. ఆ ఏడుపు వింటూనే పెన్ను అందుకుంది. పూర్తి పేరు, ఒక్క అక్షరం తగ్గకుండా రాసింది. యేసుప్రసాద్ ఫోటో తీసి, దావీదురాజు ఫోన్ నుంచే కమిటీ నంబరుకు పంపాడు. రెండు గీతలు పడ్డాయి. కాసేపటికి అవి నీలంగా మారాయి.

జెస్సీ మొహం కడుక్కుని వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా లాప్‌టాప్ ముందు కూర్చుంది.

“నా జవాబు నేనే రాస్తా మామా.”

“నేను చెప్తా, నువ్వు టైపు చెయ్యి పాపా...”

“వద్దు.”

ఊడిపోయిన మీటల దగ్గర ఆగుతూ ఆగుతూ టైపు చేసింది. వెనక నిలబడి చదువుతున్న యేసుప్రసాద్ మొహం పాలిపోయింది.

“ఏం రాస్తాండాదప్పా?” అడిగాడు దావీదురాజు.

జెస్సీయే పైకి చదివింది. “‘ఈ ఎత్తు నేను ఇంట్లో చూసిందే. కానీ ఆట మధ్యలో మా అమ్మ నీళ్లు ఇస్తూ, మామ గుర్రం అని రాశాడని నాతో చెప్పింది. తను చెప్పింది ఏమిటో మా అమ్మకు తెలియదు. అది విన్న తర్వాతే నేను ఆడాను.’” తండ్రి వైపు తిరిగింది. “ఉన్నది ఉన్నట్టు పంపమన్న్యావు గదా నాయనా.”

దావీదురాజు కూతురి కళ్లలోకి చూడలేకపోయాడు. భుజం మీది టవలు తీసి మొహం తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

“పాపా,” అన్నాడు యేసుప్రసాద్ మెల్లగా. “అమ్మ కాగితం పోయింది. పోయి పది నిమిషాలైంది. వాళ్లు చూసినారు గూడా.”

“ఏ కాగితం?”

“ఏమీ మాట్లాడలేదు అని.”

జెస్సీ వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. తల తిప్పి తల్లిని చూసింది. “ఎందుకు పెట్టినావు మా?”

ప్రేమమ్మ వచ్చి పక్కన కూర్చుంది. గడియారం ఐదుకు పావు తక్కువ చూపిస్తోంది. కూతురి కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నువ్వది పంపితే నన్ను పిలిచి అడుగుతారు. దేవుని బిడ్డనని చెప్పుకుంటానే అబద్ధానికి సంతకం పెట్టినానని ఊరంతా తెలుస్తాది. తెలిస్తే తెలియనీ. నా గురించి చూడద్దు పాపా, పంపు,” అంది.

పంపమని అంది గానీ, ఆ చేతిని మాత్రం వదల్లేదు.